పంకా కింద మాట పోకుండా: ఇంట్లో మైకుల బోర్డుతో రికార్డు చేయడం ఎలా

దేవరకొండ వైపు ఒక ఊళ్లో, స్లాబు ఇంట్లో, ఎనభై దాటిన ఒక అవ్వ ముందు కూర్చుని గంటకు పైగా రికార్డు చేశాను. నాగార్జునసాగర్ డ్యాం కట్టినప్పుడు తట్ట మోసిన మనిషి ఆమె. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆ డ్యాం నుంచి కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. ఆ నడుమ ఏళ్ల ముచ్చట్లు కళ్లారా చూసి చెప్పగలిగినవాళ్లు మన ఊళ్లలో రోజురోజుకూ తగ్గిపోతున్నారు. అందుకే నాలుగు మైకుల బోర్డు ఒకటి కొని మరీ వెళ్లాను.

అక్కడ కూర్చున్నంతసేపు ఆమె మాట చక్కగా వినిపించింది. రాత్రి ఇంటికొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మాట కంటే ముందు పంకా వినపడింది. ఎదుటి మనిషి మాట మీద మనసు పెడితే మిగతా చప్పుడును మన చెవులే పక్కకు నెట్టేస్తాయి. మైకుకు ఆ తెలివి లేదు. టెన్షన్‌లో సాఫ్ట్‌వేర్ తెరిచి నాయిస్ రిడక్షన్ గట్టిగా పెట్టాను. పంకా పోయింది. దాంతోపాటు "కైకిలి" (కూలి పని) అన్న మాటలో మొదటి క పోయి "ఐకిలి" మిగిలింది. "పోయిన్రు" అన్నది "పోయి" దగ్గరే తెగిపోయింది. పోయింది ఒక్కరా, పదిమందా అన్నది ఆ తెగిపోయిన తోకలోనే ఉంది.

అప్పటినుంచి నేను పని చేసే వరుస మార్చుకున్నాను. ముందు ఇల్లు, తర్వాత కూర్చునే చోటు, ఆ తర్వాత మైకుల లెక్క, చిట్టచివర సాఫ్ట్‌వేర్. మీ అమ్మమ్మ నాటు పాటలో, మీ తాత బొంబాయి వలస కథలో రికార్డు చేయాలనుకుంటే ఇదే వరుసలో చేయండి. మాట దక్కుతుంది.

మైకుల బోర్డు ఏం చేస్తుంది, ఏం చేయలేదు

మైక్రోఫోన్ అర్రే అంటే ఒకే బోర్డు మీద కొలత ప్రకారం అమర్చిన రెండు, నాలుగు, ఆరు మైకులు. మాట అన్ని మైకులకూ ఒకేసారి చేరదు. మామూలు వేడిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. రెండు మైకుల మధ్య 6 సెంటీమీటర్ల ఎడం ఉంటే, పక్క నుంచి వచ్చే మాట రెండో మైకుకు సుమారు 0.17 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యాన్ని కంప్యూటర్‌లో సరిచేసి నాలుగింటినీ కలిపితే, అవ్వ మాట ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుని బలపడుతుంది. వేరే దిక్కు నుంచి వచ్చే చప్పుడు పొంతన కుదరక పలచబడుతుంది. దీన్నే బీమ్‌ఫార్మింగ్ అంటారు.

ఇందులో ఎంత లాభమో ముందే తెలుసుకోండి. ఒక మైకులో చప్పుడుకూ ఇంకో మైకులో చప్పుడుకూ సంబంధం లేనప్పుడు, ఉత్త కలపడంతో నాలుగు మైకులు ఆ చప్పుడును 6 డెసిబెల్ (శబ్దం బలానికి కొలత), ఎనిమిది మైకులు 9 డెసిబెల్ తగ్గిస్తాయి. కానీ పంకా మోటారు, ఫ్రిజ్, ఇన్వర్టర్ చేసే గుంయ్ మనే చప్పుడు 100 హెర్ట్జ్ (సెకనుకు వంద కంపనాలు) దగ్గర ఉంటుంది. దాని అల పొడవు దాదాపు 11 అడుగులు, అంటే ఒక గదంత. అరచేతిలో పట్టే బోర్డు మీద నాలుగు మైకులూ ఆ చప్పుడును ఒకేలా వింటాయి. దిక్కు తేడా పట్టడానికి అక్కడ ఏమీ ఉండదు. లోతైన గుంయ్ శబ్దాన్ని బోర్డు తీసేస్తుందని ఆశ పెట్టుకోవద్దు, దాన్ని స్విచ్ దగ్గరే ఆపాలి.

మొదటి పని: ఇంటిని వినండి

వెళ్లగానే రికార్డు బటన్ నొక్కకండి. బోర్డుకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఎవరూ మాట్లాడకుండా, రెండు నిమిషాలు కూర్చోండి. పంకా, కూలర్, ఫ్రిజ్, ఇన్వర్టర్, ట్యూబులైటు చోక్, పక్కింటి టీవీ, దొడ్లో బోరు మోటారు. ఒక్కొక్కటి ఎక్కడి నుంచి వస్తోందో వేలు పెట్టి చూపగలిగేదాకా వినండి. జాతీయ రహదారి 65 పక్కన నార్కట్‌పల్లి, చిట్యాల లాంటి చోట్ల లారీల హోరు కిటికీలోంచి వస్తుంది. వీధి వైపు గది వదిలి వెనక గదిలోకి మారడం తప్ప దానికి మందు లేదు.

ఆపగలిగినవి ఆపండి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళంచెవి దాని మీద పెట్టండి. మళ్లీ ఆన్ చేయకుండా ఆ ఇంటి నుంచి కదలలేరు. బోరు మోటారు పక్కోళ్లదైతే వెళ్లి, "అన్నా, అవ్వ ముచ్చట రికార్డు చేస్తున్న, ఒక్క గంట ఆపుతవా" అని అడగండి. చాలామంది మోటారు ఆపేసి వాళ్లూ వచ్చి కూర్చుంటారు.

పంకా సంగతి వేరు. మే నెలలో నల్లగొండ ఎండకు ఎనభై ఏళ్ల మనిషిని పంకా లేకుండా గంట కూర్చోబెట్టడం తప్పు. రికార్డింగ్ కంటే ఆమె ఒంట్లో ప్రాణం ముఖ్యం. నేను పంకా ఆపబోతే ఆ అవ్వ, "ఫ్యాన్ బంజేస్తే గాలాడది బిడ్డా" అంది. ఆమె మాటే నిజం. అందుకే ఇలా చేయండి. కుదిరితే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి. ఎండాకాలమే వెళ్లాల్సి వస్తే పొద్దున ఆరు, ఎనిమిది మధ్య మొదలుపెట్టండి. పది నిమిషాలు పంకా ఆపి రికార్డు చేయండి, పది నిమిషాలు పంకా వేసి చాయ్ తాగండి.

అదీ కుదరకపోతే సీలింగ్ పంకా ఆపి టేబుల్ ఫ్యాన్ పెట్టండి. తేడా పెద్దదే. సీలింగ్ పంకా గాలి నాలుగు గోడలకూ కొట్టుకుని అన్ని వైపుల నుంచీ చప్పుడవుతుంది. టేబుల్ ఫ్యాన్ ఒకచోట ఉంటుంది. ఒక దిక్కు నుంచి వచ్చే చప్పుడుకు బోర్డు చెవి మూసుకోగలదు. లెక్క ప్రకారం నాలుగు మైకులతో మూడు దిక్కులను మూయవచ్చు. గోడల ఎకో వల్ల ఆ మూత గట్టిగా పడదు గానీ లాభం మాత్రం తెలుస్తుంది. ఫ్యాన్‌ను మనిషికి ఒక పక్కన పెట్టి, తల తిప్పకుండా బిగించండి. గాలి మనిషికి తగలాలి, మైకులకు తగలకూడదు. గాలి నేరుగా మైకు రంధ్రంలో కొడితే వచ్చే బుడబుడలు ఒక్కో మైకులో ఒక్కోలా ఉంటాయి, తర్వాత వాటిని తీయడం చాలా కష్టం. కొన్ని రెగ్యులేటర్లతో పంకా తక్కువ నంబరు మీద తిరిగేటప్పుడు కొత్తగా గుంయ్ మంటుంది. అన్ని నంబర్లూ తిప్పి, ఆ గుంయ్ లేని నంబరు మీద ఉంచండి.

రెండో పని: గదిని మెత్తబరచండి

ఇది అందరూ వదిలేసే పని. నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్ కొట్టండి. మూడు దిక్కులా సిమెంటు గోడలు, కింద టైల్సో షాబాద్ బండలో, పైన స్లాబు. చప్పట్ టక్కున ఆగదు, తోక సాగుతుంది. ఆ తోక మాటకు ఏం చేస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. "పత్తి" అనండి. త్త దగ్గర నాలుక పళ్లకు ఆని గాలి పూర్తిగా ఆగుతుంది. సెకనులో పదో వంతుకు అటూ ఇటూ నిశ్శబ్దం. "పతి"కీ "పత్తి"కీ తేడా ప్రధానంగా ఆ నిశ్శబ్దం నిడివిలోనే ఉంది. ఎకో ఉన్న గదిలో ముందున్న "ప" తోక ఆ ఖాళీని నింపేస్తుంది. రాసుకునేవాడికి పతి వినిపిస్తాడో, చేన్లో పత్తి వినిపిస్తుందో చెప్పలేం. మన భాషలో ద్విత్వాలు అడుగడుగునా ఉన్నాయి. గుడి, గుడ్డి. అల, అల్ల. అలాగే ట, త తేడా, ళ, ల తేడా కూడా పక్క అచ్చులోకి జారే చిన్న క్షణంలో ఉంటుంది. ఎకో దాన్ని కూడా అలికేస్తుంది. అందుకని తెలుగు మాట రికార్డు చేసేవాళ్లు పంకాకు ఎంత భయపడతారో ఎకోకు అంతకంటే ఎక్కువ భయపడాలి.

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక కొత్త ఉపన్యాసశాల కట్టారు. అందులో మాట ఒక్కటీ అర్థం కాకపోతే, బాగుచేసే పని వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడికి అప్పజెప్పారు. ఆయన పక్కనున్న సాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు రాత్రిపూట మోయించుకొచ్చి, ఒక్కో వరుస పేర్చుతూ, ఆర్గన్ పైపు ఊది, శబ్దం ఎంతసేపట్లో చస్తుందో కొలిచాడు. గది ఘనపరిమాణాన్ని (ఘన మీటర్లలో) 0.161తో హెచ్చించి, పీల్చుకునే వస్తువుల విలువతో భాగిస్తే ఎకో నిడివి వస్తుందన్న సూత్రం అలా పుట్టింది. మన ఇంటికి వేసి చూద్దాం. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న ఖాళీ స్లాబు గదికి దాదాపు మూడు సెకన్లు వస్తుంది. అదే గదిలో రెండు పరుపులు, నాలుగు బొంతలు, ముగ్గురు మనుషులు ఉంటే సెకను లోపుకు దిగుతుంది. పైసా ఖర్చు లేదు.

సబీన్‌కు మెత్తలు దొరికాయి, మనకు అంతకంటే మంచిది ఉంది, గొంగడి. పాలమూరు, నల్లగొండ గొల్లకుర్మల ఇళ్లలో ఇంకా కనిపించే ముతక ఉన్ని గొంగడి పలచని దుప్పటి కంటే ఎంతో బాగా శబ్దాన్ని పీల్చుకుంటుంది. గోడకు ఆనించి కట్టకండి. నులక మంచాన్ని నిలువుగా నిలబెట్టి దాని మీద వేస్తే గోడకూ గొంగడికీ మధ్య జానెడు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ వల్ల కాస్త లోతైన శబ్దాన్ని కూడా గొంగడి పీల్చుకుంటుంది.

ఎక్కడ కట్టాలన్నది ముఖ్యం. మాట నోటి నుంచి ముందుకు పోతుంది, మైకును దాటి ఎదుటి గోడకు కొట్టి తిరిగొస్తుంది. కాబట్టి ఒకటే గొంగడి ఉంటే మైకు వెనక, మనిషి చూసే గోడ ముందు పెట్టండి. రెండోది ఉంటే మనిషి వీపు వెనక. మూడోది ఉంటే దగ్గరి పక్క గోడకు. నేల మీద జంపుఖానా పరవండి. స్లాబు అందదు, వదిలేయండి.

ఊళ్లో పెంకుటిల్లు ఉంటే ఆ ఇంటికే పోండి. వడ్ల బస్తాలు పేర్చిన గది ఇంకా మంచిది, గోనెసంచీ అంచులు, మూలలు శబ్దాన్ని చెదరగొడతాయి. దీపావళి తర్వాత నల్లగొండ పల్లెల్లో పత్తి ఏరి గదినిండా పోసి ఉంచుతారు. ఆ గదిలో చప్పట్ కొడితే చేతుల్లోనే చచ్చిపోతుంది. ఒకసారి ఆశపడి అక్కడే కూర్చోబెట్టాను, పావుగంటలో ఆ పెద్దాయనకు పత్తి నూగుకు దగ్గు పట్టుకుంది. పత్తి గది తలుపు తెరిచి పెట్టి, దాని గుమ్మం వైపు మైకు వీపు ఉండేలా ముందు గదిలో కూర్చుంటే దగ్గు లేకుండా సగం లాభం దొరుకుతుంది.

మూడో పని: దగ్గర కూర్చోండి

మనిషికీ మైకుకూ ఉన్న దూరం సగం చేస్తే నేరుగా వచ్చే మాట 6 డెసిబెల్ పెరుగుతుంది. ఇందాక చెప్పిన నాలుగు మైకుల లాభం మొత్తం అంతే. రెండు మీటర్ల దూరంలో ఉన్న బోర్డును మీటరుకు జరపడం అంటే ఇంకో మూడు మైకులు కొన్నట్టే. బోర్డును మూరెడు నుంచి రెండు మూరల దూరంలో, నోటి ఎత్తుకు కొంచెం కింద ఉంచండి.

స్టీలు స్టూలు మీద, గాజు టీపాయి మీద పెట్టకండి. ఆ పలక నుంచి కొట్టుకొచ్చిన మాట అసలు మాటతో కలిసి గొంతును డొల్లగా చేస్తుంది. తప్పకపోతే మడిచిన తువ్వాలు పరిచి దాని మీద పెట్టండి. గది నట్టనడుమ వద్దు, మూల అసలే వద్దు. మైకులన్నీ ఒకే గీత మీద ఉన్న పొడవాటి బోర్డయితే దానికి ముందూ వెనకా ఒకటే, కాబట్టి వెనక గొంగడి తప్పనిసరి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మన దగ్గర కథ చెప్పేవాళ్లకు ఎవరో ఒకరు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే, వింటలేరనుకుని వాళ్లూ ఆపేస్తారు. రికార్డింగ్ పేరు చెప్పి అందర్నీ నోరు మూయించకండి, కథ చచ్చిపోతుంది. ఊఁ కొట్టే బాధ్యత ఒక్కరికే ఇవ్వండి. ఆ మనిషిని చెప్పేవారికి కుడి పక్కనో ఎడమ పక్కనో, కదలకుండా ఒకచోట కూర్చోబెట్టండి. దిక్కు వేరు కాబట్టి ఊఁను తర్వాత తగ్గించుకోవచ్చు. చెప్పేవారి వెనక మాత్రం ఎవరూ కూర్చోవద్దు, అక్కడి గొంతు అదే దిక్కు నుంచి వస్తుంది. చిన్నపిల్లల గజ్జెలు, చేతి గాజులు కూడా ఒకసారి చూసుకోండి. అవ్వ గాజులు మాత్రం తీయమని అడగవద్దు.

నాలుగో పని: రికార్డు సెట్టింగులు

ఇక్కడ చేసిన తప్పు తర్వాత దిద్దుకోలేం, కాబట్టి నిదానంగా చూడండి. బోర్డులో ప్రతి మైకు విడిగా, ముడిగా రికార్డు కావాలి. కొన్ని బోర్డుల్లో మొదటి చానెల్ అప్పటికే శుభ్రం చేసి ఇచ్చినది, తర్వాతివి ముడివి. అన్ని చానెళ్లూ తీసుకోండి. ఒక్కో మైకు మీద వేలితో మెల్లగా తట్టి, ఏ గీత ఎగిరిందో చూసి, కాగితం మీద రాసుకోండి. చానెళ్ల వరుస తారుమారైతే బీమ్‌ఫార్మింగ్ మొత్తం తప్పు దిక్కు చూస్తుంది.

ఆటోమేటిక్ గెయిన్ (శబ్దాన్ని దానంతటదే పెంచి తగ్గించేది), నాయిస్ సప్రెషన్ (చప్పుడును దానంతటదే అణిచేది) రెండూ ఆపేయండి. అవి ఒక్కో మైకు బలాన్ని ఒక్కోలా మారుస్తాయి, మైకుల మధ్య పొంతన చెడుతుంది. వేవ్ ఫైలుగానే దాచండి. ఎంపీ3 సన్నటి తేడాలను పారేస్తుంది, మనకు కావాల్సింది ఆ సన్నటి తేడాలే. గట్టిగా మాట్లాడినప్పుడు సూది మైనస్ 12 డెసిబెల్ దాటకుండా పెట్టుకోండి. పెద్దవాళ్లు మెల్లగా చెబుతూ చెబుతూ ఒక్కసారి నవ్వుతారు, ఆ నవ్వుకు చోటు ఉండాలి. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, నాలుగు చానెళ్లకు గంటకు 1.4 జీబీ దాకా పడుతుంది. మెమరీ చూసుకుని బయల్దేరండి.

ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని గుంయ్ 50, 100, 150 దగ్గర తీగలోంచి దూరుతుంది. ల్యాప్‌టాప్‌కూ చిన్న ఫ్యాన్ ఉంటుంది, పొడుగు యూఎస్‌బీ తీగ తీసుకెళ్లి దాన్ని తలుపు అవతల పెట్టండి.

మొదలుపెట్టే ముందు, అయిపోయాక, అందరూ తమ తమ చోట్లలో ఉండగా అర నిమిషం నిశ్శబ్దం రికార్డు చేయండి. ఆ ఇంటి చప్పుడుకు అది వేలిముద్ర లాంటిది, తర్వాత ప్రతి మెట్టులో అవసరం వస్తుంది. టేపుతో మనిషికి మైకుకు దూరం, ఫ్యాన్ ఎక్కడుంది అన్నవి కొలిచి రాసుకుని, ఫోన్‌తో ఒక ఫొటో తీయండి.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. బోర్డు లేదు, ఇంట్లో రెండు ఫోన్లున్నాయి, వాటినే అర్రేగా వాడొచ్చా? నేరుగా వాడలేం. రెండు ఫోన్ల గడియారాలు ఒకే వేగంతో నడవవు. పది లక్షల్లో ఇరవై వంతుల తేడా ఉన్నా గంటకు 72 మిల్లీసెకన్లు జరిగిపోతుంది, మనం లెక్కపెట్టేది అందులో వందల వంతు. రెండు ఫోన్లున్నప్పుడు ఒకటి మాట్లాడే మనిషి ఒళ్లో, రెండోది జాగ్రత్తకు పెట్టి, రెంటిలో బాగున్నదే వాడుకోండి.

ఐదో పని: ఇంటికొచ్చాక

ముడి ఫైలును రెండుచోట్ల కాపీ చేసి, ఆ తర్వాతే పని మొదలుపెట్టండి. కాపీ మీదే చేయి వేయండి.

ముందు 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా హై పాస్ ఫిల్టర్‌తో కోసేయండి. మగవారి గొంతు కూడా మామూలుగా దానికి పైనే ఉంటుంది, మాటకు నష్టం లేదు. అన్ని చానెళ్లకూ ఒకే ఫిల్టర్ వేయాలి, ఒకదానికి ఒకటి, ఇంకోదానికి ఇంకోటి అంటే పొంతన పోతుంది.

రెండో మెట్టు ఎకో తగ్గించడం. దీనికి డబ్ల్యూపీఈ అనే పద్ధతి ఉంది. వెనకటి క్షణాల శబ్దం నుంచి ఇప్పటి తోకను అంచనా కట్టి తీసేస్తుంది, నేరుగా వచ్చిన మాటను ముట్టుకోదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నారా డబ్ల్యూపీఈ అన్న ఉచిత ప్యాకేజీ దొరుకుతుంది. నాలుగు చానెళ్లు ఇస్తే నాలుగు చానెళ్లే తిరిగి ఇస్తుంది కాబట్టి బీమ్‌ఫార్మింగ్‌కు ముందే చేయండి. గదికి గొంగడి కట్టి ఉంటే దీని అవసరం సగం తగ్గిపోతుంది.

మూడోది బీమ్‌ఫార్మింగ్. పైరూమ్‌అకూస్టిక్స్ అన్న పైథాన్ లైబ్రరీలో కావాల్సినవన్నీ ఉన్నాయి. స్కేలుతో కొలిచిన మైకుల స్థానాలు ఇవ్వాలి. మొదట ఆలస్యాలు సరిచేసి కలిపే మామూలు పద్ధతి, డిలే అండ్ సమ్, చేసి వినండి. ఇది మొండిది, లాభం తక్కువ, కానీ మాటను పాడుచేయదు. తర్వాత ఎంవీడీఆర్ ప్రయత్నించండి. 1969లో కాపన్ అనే పరిశోధకుడు భూకంప తరంగాలను వినే పరికరాల కోసం రాసిన లెక్క ఇది. అవ్వ దిక్కును అలాగే ఉంచి, మిగతా చప్పుడు మొత్తం వీలైనంత తగ్గేలా మైకుల బరువులు ఎంచుతుంది. టేబుల్ ఫ్యాన్ లాంటి ఒక దిక్కు చప్పుడు మీద దీని పనితనం తెలుస్తుంది. మీరు రికార్డు చేసిన ఆ అర నిమిషం నిశ్శబ్దం నుంచే చప్పుడు లెక్క ఇవ్వండి. మాట ఉన్న భాగం నుంచి ఇస్తే, దిక్కు కాస్త తప్పినా అది మాటనే చప్పుడనుకుని నొక్కేస్తుంది. అలా జరుగుతోందనిపిస్తే డయాగనల్ లోడింగ్ అనే విలువ కొంచెం పెంచండి, దూకుడు తగ్గుతుంది.

మనిషి కథ మధ్యలో కాళ్లు మార్చుకుంటారు, మనవడి వైపు తిరుగుతారు. గంట మొత్తానికి ఒకే దిక్కు పెట్టకుండా, మనిషి కదిలిన చోటల్లా ముక్క చేసి దిక్కు మళ్లీ కనిపెట్టనివ్వండి. ఎండ వేడికి శబ్దవేగం మారుతుందన్న బెంగ మాత్రం వద్దు. 40 డిగ్రీల దగ్గర అది 355 మీటర్లు అవుతుంది, అరచేతి బోర్డుకు ఆ తేడా పెద్దగా తెలియదు. మైకుల మధ్య ఎడంతో వచ్చే హద్దు మాత్రం నిజమైనదే. 6 సెంటీమీటర్ల ఎడం ఉంటే దాదాపు 2,900 హెర్ట్జ్ పైన బోర్డు దిక్కులను తికమక పడవచ్చు. స, ష లాంటి ధ్వనుల బలం ఎక్కువగా దానికి పైనే. అందుకే స చుట్టూ కొంత చప్పుడు మిగిలితే ఒప్పుకోండి.

చివరిది, ఒక్క చానెల్ అయ్యాక చేసే నాయిస్ రిడక్షన్. నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నిశ్శబ్దం ఉన్న అర నిమిషాన్ని ఎంచుకుని నాయిస్ ప్రొఫైల్, అంటే చప్పుడు నమూనా, తీసుకోండి. తర్వాత మొత్తం ఎంచుకుని, తగ్గింపు 6 డెసిబెల్ దగ్గర పెట్టండి. నేను మొదటిసారి 30 పెట్టాను. ఎక్కువ పెడితే మిగిలిన చప్పుడు నీళ్లలో గిన్నెలు మోగినట్టు టింగుటింగుమంటుంది. క, త, ప లాంటి పేలుడు ధ్వనులు క్షణంపాటు ఉండే గాలి చప్పుడే కాబట్టి పంకాతో పాటు అవీ కొట్టుకుపోతాయి.

అదే పెట్టెలో రెసిడ్యూ అని ఇంకో ఎంపిక ఉంటుంది. ఏం తీసేస్తుందో అది మాత్రమే వినిపిస్తుంది. తప్పకుండా అది నొక్కి, కళ్లు మూసుకుని వినండి. ఉత్త పంకా వినిపిస్తే సరే. అందులో ఎక్కడైనా మనిషి గుసగుస, మాట నీడ వినిపిస్తే మీరు మాటను కోస్తున్నట్టు. తగ్గించండి, మళ్లీ వినండి. ఆర్ఎన్నాయిస్ లాంటి, ఎన్నో శబ్దాల నుంచి నేర్చుకున్న ప్రోగ్రాములు పంకా మీద చక్కగా పని చేస్తాయి, కానీ మాట కానిదంతా చప్పుడే అనుకుంటాయి. పెద్దవాళ్లు చెప్పేటప్పుడు పెట్టే నిట్టూర్పు, గొంతు పూడుకుని ఆగిన చోటు, నాటు పాటలో సాగదీసిన రాగం వీటికి బలయ్యే ప్రమాదం ఉంది. పాట ఉన్న భాగానికి వాటిని వాడకండి.

ఆరో పని: వేరే చెవితో పరీక్ష

మీ చెవిని నమ్మకండి. అవ్వ ఏమందో మీకు ముందే తెలుసు కాబట్టి పోయిన అక్షరాన్ని మీ మనసే నింపేస్తుంది. అక్కడ లేని మనిషికి, ఆ యాస తెలిసిన మనిషికి, శుభ్రం చేసిన ఐదు నిమిషాల ముక్క ఇచ్చి రాయమనండి. వేరే ఐదు నిమిషాలు ముడి ఫైలు నుంచి ఇచ్చి రాయమనండి. శుభ్రం చేసినదాంట్లో ఖాళీలు, తప్పులు ఎక్కువుంటే మీరు చేసిన శుభ్రం దండగ, ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. క్రియల చివరలు ప్రత్యేకంగా చూడండి: వచ్చిన్రు, చేసినం, పోయిండు. గొంతు దిగిపోయేది అక్కడే, ఎవరు చేశారన్నది ఉండేదీ అక్కడే.

ముడి చానెళ్లు, బీమ్‌ఫార్మింగ్ అయిన ఫైలు, చివరి ఫైలు, ఈ మూడూ తేదీ, ఊరు పేరుతో దాచండి. కొలతల కాగితం ఫొటో కూడా అదే ఫోల్డర్‌లో. ఆ ఇంటివాళ్లకు చివరి ఫైలు ఫోన్లో వేసి ఇవ్వండి, ఫోన్ స్పీకర్‌లో ఎలా వినిపిస్తుందో వాళ్ల ముందే ఒకసారి పెట్టి చూడండి.

ఆ అవ్వ రికార్డింగ్ నాలుగు చానెళ్లు నేను చెరపకుండా ఉంచాను. ఈమధ్య కూర్చుని మొదటి నుంచి చేశాను: 80 దగ్గర కోత, డబ్ల్యూపీఈ, ఆలస్యాలు సరిచేసి కలపడం, చివర 6 డెసిబెల్ తగ్గింపు. ఎంవీడీఆర్ పెడితే సీలింగ్ పంకా మీద పెద్ద లాభం కనిపించలేదు, తీసేశాను. "కైకిలి"లో క మళ్లీ వచ్చింది. "పోయిన్రు" చివరిదాకా ఉంది. వెనకాల పంకా మెల్లగా వినిపిస్తూనే ఉంది. దాన్ని అలాగే ఉంచాను.